అమెరికా తూకం

పోయిన వారం సూర్యాపేట బస్టాండులో టీ తాగుతుంటే పక్క బెంచీ దగ్గర ఒక చిన్న పంచాయితీ నడుస్తోంది. కొత్తగా పెళ్లైన జంట, అమెరికా ప్రయాణం, రెండు పెద్ద పెట్టెలు. అమ్మాయి తండ్రి కాబోలు, కొక్కెం ఉన్న చిన్న తూకం మిషనుకు పెట్టెను తగిలించి రెండు చేతులతో పైకెత్తుతున్నాడు. ఒకసారి ఇరవై రెండున్నర చూపించింది. ఇంకోసారి ఇరవై నాలుగు. మూడోసారి ఏమీ చూపించకుండా ఆరిపోయింది.

నేను గ్లాసు కింద పెట్టి, "మా మిర్యాలగూడల ఒకాయన ఉన్నడు, ఎడమ చేత్తోని ఎత్తిండంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆయన పోయి అప్పటికి పన్నెండు రోజులు. అంత్యక్రియల్లో పాడె వెనక నడిచినవాణ్ణి, అయినా నోటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

మా వీధిలో అందరూ ఆయన్ని కాంటాయన అనేవారు. మా ఇంటి వెనక సందు దాటితే ఒక రైసుమిల్లు ఉంది. దాని కాంటా దగ్గర, వడ్ల బస్తాలు తూచే చోట, ముప్పై ఏళ్లకు పైగా నిలబడ్డ మనిషి. సొంతూరు ఆత్మకూర్ (ఎస్) వైపు. గొర్రెలు కాసే ఇల్లు. చిన్నతనంలో తండ్రి వెంట సంతకు వెళ్లి, గొర్రెను ఎత్తి చూసి మాంసం ఎన్ని కిలోలు పడుతుందో చెప్పడం నేర్చుకున్నాడట. మిల్లుకొచ్చాక గొర్రెలు పోయి బస్తాలు వచ్చాయి. మా ఊరి జనానికి విమానాలు అలవాటయ్యాక, బస్తాలతో పాటు సూట్‌కేసులు కూడా ఆయన పాలబడ్డాయి.

ఊళ్లో ఎవరింట్లో అమెరికా ప్రయాణం ఉన్నా, ముందురోజు సాయంత్రం ఆయనకు కబురు వెళ్లేది. డ్యూటీ దిగి, కనుబొమ్మల మీద తవుడు అలాగే ఉండగా వచ్చేవాడు. సోఫాలో కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. ముందు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగేవాడు. కాలి బొటనవేలితో మెల్లగా నెట్టి చూసేవాడు. తర్వాత ఎడమ చెయ్యి పిడిలో దూర్చి, ముఖం పైకప్పు వైపు తిప్పి, జానెడు ఎత్తు లేపి దించేవాడు. ఇంటిల్లిపాదీ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడేవారు.

"ఇది సూడి గొర్రె లెక్కున్నది. ఒక పిల్లను బైటికి తియ్యాలె" అంటే బరువెక్కువని అర్థం. "దీనికి కడుపు నిండలె, ఇంక కిలన్నర మేత పెట్టుండ్రి" అంటే ఇంకా చోటుందని. సరిగ్గా విమానంవాళ్లు పెట్టెకు ఒప్పుకునే ఇరవై మూడు కిలోలు ఉంటే మాత్రం ఏమీ అనకుండా పెట్టె నెత్తిన చిన్నగా తట్టేవాడు. ఇరవై మూడుకు ఆయన పెట్టిన పేరు అమెరికా తూకం.

పైసా తీసుకునేవాడు కాదు. సాసర్లో పోసుకుని ఒక టీ తాగేవాడు, అంతే. కానీ బరువు తగ్గించడానికి పెట్టెలోంచి తీసేది ఏమిటి? పచ్చడే. తీసిన సీసాను "నువ్వే తీసుకపో అన్నా" అని ఆయన చేతిలో పెట్టేవారు. అలా అమెరికా చేరాల్సిన ఆవకాయలో సగం ఆయన ఇంటి అటక మీదే దిగిపోయిందని మా వీధిలో నవ్వుకునేవాళ్లం.

నేను బడిలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. చేత్తో తూచడం అంటే నాకు ఒళ్లు మంట. ఒకసారి మా లాబ్‌లోని పెద్ద స్ప్రింగ్ త్రాసు మోసుకొచ్చి, పక్కింటి వాళ్ల పెట్టెను దానికి వేలాడదీసి, "ఇరవై నాలుగు. నువ్వేమో ఇరవై మూడంటివి" అన్నాను. ఆయన వాదించలేదు. పెట్టెను భుజాన వేసుకుని మిల్లుకు నడిచాడు, వెనక నేనూ పక్కింటివాళ్లూ. ఎలక్ట్రానిక్ కాంటా మీద పెడితే ఇరవై మూడు మీద వంద గ్రాములు. ఆయన జాలిగా నా త్రాసును నిమిరి, "స్ప్రింగు సాగిపోయింది సారూ. పాపం, ముసల్దైంది" అన్నాడు. నన్ను కాదు, త్రాసును ఓదార్చాడు.

మా వంతు కూడా వచ్చింది. మా ఆవిడది కోదాడ. ఆమె చెల్లెలు, అంటే మా మరదలు, షికాగోలో ఉంటుంది. అక్కడ ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచింది. మేమిద్దరం అప్పటిదాకా విమానాన్ని కింద నుంచి చూసినవాళ్లమే.

మా వైపు గృహప్రవేశమంటే ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, జాకెట్టు ముక్క ఆమె కొంగులో పోసి పంపుతారు. నీ వెనక పుట్టిల్లు ఉంది అని నలుగురిలో చెప్పడం అది. మా అత్తామామలు ఇద్దరూ పోయారు. అన్నదమ్ములు లేరు. కోదాడలో ఇల్లు కూడా చేతులు మారింది. మా మరదలు ఫోన్లో, "అమ్మ ఉంటే పోసేది కదా అక్కా. నువ్వేం తేవద్దులే, వస్తే చాలు" అంది. మర్నాడు మా ఆవిడ కోదాడ నుంచి ఐదుంబావు కిలోల సన్నబియ్యం తెప్పించి, రాళ్లేరి, తెల్లటి కొత్త గుడ్డసంచిలో పోసింది.

కాంటాయన వచ్చి మా పెద్ద పెట్టెను ఎత్తి, "కిలో మీద పావు ఎక్కువున్నది" అన్నాడు.

"బియ్యం తీసెయ్యి" అన్నాను నేను వెంటనే. "అమెరికల బియ్యం దొరకయా? గాడ కొట్లల్ల బస్తాలకు బస్తాలు ఉంటయట."

"అవి కొట్టు బియ్యమండీ. పుట్టింటి బియ్యం కొట్లో దొరుకుతాయా?" అంది మా ఆవిడ. ఆ గొంతులో వణుకు నాకు వినిపించింది. వినిపించనట్టు ఊరుకున్నాను, అది నా బుద్ధి.

కాంటాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెట్టె తెరిచి, నా బట్టల కింద చెయ్యి పెట్టి, నేను ముచ్చటపడి పెట్టుకున్న లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీని బయటికి లాగాడు.

"గిదెందుకు సారూ?"

"మాటకు తట్టుకోకుంట ఉండనీకి."

"పిల్లలకు సదువు చెప్పినోనివి. నీ నోట్ల లేని ఇంగ్లీషు గీ పెట్టెల యాడికెళ్లి వస్తది?" అని దాన్ని బల్ల మీద పెట్టేశాడు. పెట్టె మళ్లీ ఎత్తి, దించి, నెత్తిన తట్టాడు. మా ఆవిడ నా వైపు చూడకుండా నవ్వింది.

అప్పుడు మా ఆవిడను అడిగాడు, ఆ బియ్యం ఎందుకని. చెప్పింది. విన్నాక చెప్పులు గుమ్మం బయట విడిచి, పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. తలపాగా మడతలోంచి గోనెసంచులు కుట్టే పెద్ద సూది తీసి, మా ఆవిడ పెట్టెలోంచి తీసి ఇచ్చిన ఆ గుడ్డసంచి మూతిని రెండు వరసలు కుట్టాడు. కుట్టాక సంచిని రెండు చేతులతో ఎత్తి మళ్లీ పెట్టెలో పెట్టాడు. ఆయన ఏదైనా రెండు చేతులతో ఎత్తడం నేను చూసింది అదొక్కసారే.

"మీ చెల్లెకు అన్నదమ్ములు ఎవ్వలు లేరా అమ్మా?" అన్నాడు.

"లేరన్నా."

ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

విమానం సంగతి ఎంత తక్కువ చెబితే అంత పరువు. మా ఆవిడ బెల్టు పెట్టుకున్నది పెట్టుకున్నట్టే సముద్రాలు దాటింది. వెనకాయనకు ఇబ్బందని సీటు వాల్చలేదు. ఎంత బతిమాలినా దుప్పటి కప్పుకోలేదు, ఎవరు కప్పుకున్నదో ఏమోనట. మూడు గంటలకోసారి నా మోచెయ్యి కదిపి, "ఏవండీ, పెట్టెలు మన విమానంలోనే ఉన్నాయంటారా?" అని అడిగేది. మధ్యలో విమానం మారినప్పుడు, పెట్టెలు కూడా దిగి మారాయో లేదో వెళ్లి చూసి రమ్మంది. నేను వెళ్లినట్టే వెళ్లి, ఒక స్తంభం వెనక రెండు నిమిషాలు నిలబడి, "మారినయి" అని వచ్చి చెప్పాను. ముప్పై ఏళ్ల కాపురంలో నేను చెప్పిన ఉపయోగకరమైన అబద్ధం అది.

షికాగోలో పెట్టెలు తీసుకుని బయటికి నడుస్తుంటే, చెవులు వేలాడే ఒక చిన్న కుక్క వచ్చి మా పెద్ద పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంది. "పాపం, ఆకలిగా ఉందేమో" అంది మా ఆవిడ. కుక్క ఆకలితో రాలేదు, ఉద్యోగం మీద వచ్చింది. దాని వెనకే ఉన్న అధికారిణి మమ్మల్ని ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్లి పెట్టె తెరిపించింది. కుట్టిన సంచి చూసి, ఏమిటని అడిగింది. "రైస్. సిస్టర్. న్యూ హౌస్" అన్నాను. డిక్షనరీ ఉన్నా అంతకంటే వచ్చేది కాదులెండి.

ఆమె చాలా మర్యాదగానే చెప్పింది. ధాన్యానికి పట్టే ఒక పురుగు ఉందట, మన దేశం నుంచి బియ్యంలో వస్తుందేమోనని వాళ్లకు భయమట, అందుకని పరీక్ష చేసి కాగితాలతో కొట్లకు వచ్చే బస్తాలు తప్ప, ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని రానివ్వరట. పసుపు కొమ్ములూ జాకెట్టు ముక్కలూ ఉంచుకోమంది. సంచి కోయడానికి కత్తెర తీసింది. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "కొయ్యకమ్మా, అలాగే తీసుకో" అని తెలుగులోనే చెప్పింది. ఆమెకు ఏం అర్థమైందో, కత్తెర పక్కన పెట్టి సంచిని అలాగే ఎత్తి లోపలికి తీసుకెళ్లింది.

బియ్యం తీసెయ్యమన్న నా మాటే చివరికి నెగ్గింది. గెలిచినట్టు అనిపించాలి కదా. సిగ్గేసింది.

గృహప్రవేశం ఇంకా రెండు రోజులుంది. మా మరదలు సంగతి విని, "పోనీలే అక్కా, బియ్యం పోతే పోయాయి, నువ్వు వచ్చావు" అని నవ్వేసింది. తర్వాత వంటింట్లో కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతూ కనిపించింది. ఆమె అత్తగారూ ఇద్దరు ఆడపడుచులూ కుటుంబాలతో దిగారు. పట్టుచీరలు, వెండి కుందులు, పెద్ద ఇత్తడి బిందె. వాళ్లు మంచివాళ్లే, ఒక్క మాట అనలేదు. కానీ పీటల మీద వాళ్ల వైపు నిండుగా ఉండి, ఈ పిల్ల వైపు ఖాళీగా ఉంటుంది. కొట్లో బియ్యం కొందామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఎవరి బియ్యమో తెచ్చి పుట్టింటివని చెప్పి పోయనా?" అంది.

మర్నాడు పొద్దున్నే తోడల్లుడి కారెక్కి నేను ఇండియన్ కొట్టుకు వెళ్లాను. బియ్యం బస్తాల వరస దగ్గర నిలబడి కాంటాయనకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి బువ్వ వేళ. పళ్లెం ముందు కూర్చుని అంతా విన్నాడు.

"పోయినయి పోయినయి. ఆళ్ల మీద కోపం పెట్టుకోకు. పురుగంటే మాకు మాత్రం భయం లేదా? ఇగ బస్తాలు సూపియ్యి."

చూపించాను. ఒకదాని మీద ఏనుగు, ఇంకోదాని మీద నెమలి. "బొమ్మలు కాదు సారూ, గింజ సూపియ్యి." కొట్టువాళ్లను అడిగి, నమూనాకు విప్పి పెట్టిన డబ్బాల్లోంచి కొన్ని గింజలు అరచేతిలో పోసుకుని ఫోన్ దగ్గర పెట్టాను. "ఇంక దగ్గర్కి. జర పక్కకు తిప్పు. కొరుకు."

"ఏంది?"

"ఒక గింజ కొరుకు. సప్పుడు ఇనవడాలె నాకు."

షికాగో నగరంలో, నలుగురు చూస్తుండగా, నేను పచ్చి బియ్యపు గింజలు ఫోన్ పక్కన పెట్టుకుని కొరికాను. మొదటి డబ్బా పనికిరాదన్నాడు. రెండోది మెత్తగా విరిగిందన్నాడు. మూడోది కొరికాక ఆయన ముఖం విప్పారింది. "గిదే! గిది మన సాగర్ కాల్వ నీళ్లు తాగిన గింజ. నా కాంటా మీదికెళ్లే పోయి ఉంటది. అమ్మకు చెప్పు, నేను చెప్పిన్నని."

ఫోన్లో వినిపించే చప్పుడును బట్టి గింజ ఏ కాలువ నీళ్లు తాగిందో చెప్పడం ఏ ఫిజిక్సుకూ అందదు. అది నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా ఆ బస్తా భుజాన వేసుకున్నాను. మా ఆవిడకు చెబితే, గుప్పెడు బియ్యం తీసుకుని వాసన చూసి, "అన్న చెప్పాడంటే మనవే" అంది.

గృహప్రవేశం పొద్దున్నే. మిర్యాలగూడలో సాయంత్రం. ఎంత పోయాలో అడుగుదామని ఫోన్ చేశాను. వంటింటి త్రాసు పౌండ్లు చూపిస్తోంది, నేను కిలోలకు లెక్క కట్టుకుంటున్నాను.

"తూకమెందుకు సారూ? ఒడిబియ్యం దోసిళ్లతోని పోస్తరు. నేను తూసేది విమానపోళ్ల కోసం" అన్నాడు. అప్పుడు చూశాను, ఆయన తెల్లచొక్కా వేసుకుని, ఉతికిన తలపాగా చుట్టుకుని ఉన్నాడు. మిల్లులో కాదు, ఇంట్లో ఉన్నాడు. పక్కన ఆయన భార్య కొత్త చీరలో.

మా మరదలు కొంగు పట్టి నిలబడింది. పక్కన తోడల్లుడు. మా ఆవిడ బియ్యం పళ్లెం పట్టుకుంది. మరదలి అత్తగారు ఎవరినీ నొప్పించని గొంతుతో, "మొదటి దోసిలి అన్నదమ్ములు పోస్తే బాగుంటుంది కదమ్మా. దూరపు వరస వాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది. మా ఆవిడ తల వంచుకుంది.

"ఉన్న గదమ్మా. గీడున్న" అని నా చేతిలో ఫోన్ పలికింది.

అందరూ ఇటు తిరిగారు. నేను ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. "ఎవరు బాబూ?" అంది అత్తగారు.

"కోదాడ పిల్లలకు అన్నను. మిర్యాలగూడల ఉంట" అన్నాడు కాంటాయన, తూకం చెప్పినంత తేలిగ్గా. ఆ తర్వాత మరదలి వైపు చూసి, "చెల్లె, కొంగు గట్టిగ వట్టు. బరువుంటది" అన్నాడు.

అక్కడ ఆయన భార్య నేల మీద కొత్త తువ్వాల పరిచింది. ఆయన దోసిలి నిండా బియ్యం తీసి దాని మీద పోశాడు. ఆయన పోసినప్పుడల్లా ఇక్కడ మా ఆవిడ చెల్లెలి కొంగులో పోసింది. ఐదు దోసిళ్లు. మూడోదానికి మా మరదలు పైకే ఏడ్చింది. అత్తగారు ఆమె వీపు నిమురుతూ తనూ కళ్లు తుడుచుకుంది. నా సంగతి చెప్పను. ఫోన్ కదులుతోందని కాంటాయన నన్ను రెండుసార్లు కసిరాడు.

మేం తిరిగి వచ్చాక, తువ్వాలలో పోసిన ఆ బియ్యం వండి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఆయన ఇంటికి వెళ్లడం మాకు అదే మొదలు. విస్తరి చుట్టూ పదకొండు రకాల ఆవకాయ. ఏది ఎవరి పెట్టెలోంచి దిగిందో వరసగా చెప్పుకుంటూ వడ్డించాడు. ఆ తర్వాత ఏటా రాఖీకి షికాగో నుంచి ఆయనకు కవరు వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని ఎడమ చేతిలో పెట్టుకుని, పైకప్పు వైపు చూసి, "ఇది నా కాంటకు దొరుకుతలేదు సారూ" అన్నాడు.

మూడు వారాల కిందట ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, సాసర్లో టీ పోసుకుని, తాగకుండానే పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. మా మరదలికి మా ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. అవతల నుంచి ఏడుపు. ఆ తర్వాత అడిగింది.

"అక్కా, నాకు మైల ఎన్ని రోజులు?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఆయనది ఏ గోత్రమో మాకు తెలియదు. కులం వేరు, రక్తం వేరు. శాస్త్రం అడిగితే ఒక్క పూట కూడా లేదంటుంది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఫోన్లో చెప్పేసింది.

"పెళ్లైన ఆడపిల్లవి. పుట్టింటి మైల నీకు మూడు రోజులమ్మా."

ఆ మూడు రోజులూ మా మరదలు దేవుడి గదిలో దీపం పెట్టలేదు. ఆఫీసుకూ వెళ్లలేదు. అక్కడ దగ్గరివాళ్లు పోతే సరిగ్గా మూడు రోజులే సెలవిస్తారట, కాకపోతే పోయినవారు మీకు ఏమవుతారో కాగితం మీద రాసి ఇవ్వాలట. అన్న అని రాసి ఇచ్చింది.